24 గళ్ళ అట్టలో ఎంత పనితనం!

1976 జులై 20న అమెరికా పంపిన వైకింగ్ 1 నౌక అంగారకుడి మీద దిగింది. మర్నాడు అక్కడి నుంచి తొలి రంగుల ఫొటో వచ్చింది. శాస్త్రవేత్తలు దాన్ని తొందర తొందరగా సిద్ధం చేసి లోకానికి చూపించినప్పుడు అందులో ఆకాశం నీలి ఛాయలో ఉంది. అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆకాశమంటే నీలమే కదా! అయితే ఆ నౌకకు చిన్న రంగుల పలక బిగించి పంపారు. దాని మీది రంగులు భూమ్మీద ఉండగానే కొలిచి రాసిపెట్టుకున్నవి. ఆ పలక ఫొటోలో ఎలా పడిందో చూసి లెక్క సరిచేస్తే, అక్కడి ఆకాశం నీలం కాదని తేలింది. సన్నటి ధూళి నిండిన ఆ ఆకాశానిది గులాబీ, పసుపు కలిసిన లేత రంగు.

ఫొటోల్లో రంగుల గురించి పట్టింపు ఉన్నవాళ్ళంతా ఈ సంగతి తెలుసుకోవాలంటాను. అంతటి నిపుణులకే మనసులో ఉన్న ఆకాశం ఎదురుగా ఉన్న ఆకాశాన్ని కప్పేసింది. దాన్ని పట్టిచ్చింది చిన్న పలక.

వైకింగ్ దిగిన ఆ జులై 20నే అమెరికాలో ఒక పేటెంటు మంజూరైంది. ఈస్ట్‌మన్ కోడక్‌లో పనిచేసే బ్రైస్ బేయర్‌ది ఆ పేటెంటు. కెమెరా సెన్సర్ మీది లక్షల చుక్కలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఏ వరసలో తొడగాలో అందులో చెప్పాడు. ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన జేబుల్లో ఉన్న ఫోన్లలో దాదాపు అన్నీ ఆ అమరికనో, దాని నుంచి పుట్టినదాన్నో వాడుతున్నవే. ఆ ఏడాదే సి. ఎస్. మెక్‌కామీ, హెచ్. మార్కస్, జె. జి. డేవిడ్సన్ అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రచురించారు. మాక్‌బెత్ సంస్థ తరఫున తాము తయారుచేసిన 24 రంగుల అట్టను అందులో పరిచయం చేశారు. ఆ అట్టే తర్వాత కలర్ చెకర్‌గా పేరుపడింది. కంపెనీలు చేతులు మారాయి, పేర్లు మారాయి. సుమారు యాభై ఏళ్ళయినా అట్టలో గళ్ళు మాత్రం అవే, వరసలూ అవే.

ఫిలిం రోజుల్లో పుట్టిన వస్తువు డిజిటల్ రోజుల్లో మరింత అవసరమవడం అరుదు. ఈ అట్టకు అది జరిగింది. దాని పనితనం గురించే ఈ వ్యాసం. ఫొటోలో రంగులు సహజంగా, కంటికి ఇంపుగా రావాలంటే ముందు నిజమైన రంగు ఎక్కడుందో కొలుచుకోవాలి. ఇంపు కోసం అక్కడి నుంచి ఎంత దూరం జరగాలో ఆ తర్వాత తేల్చుకోవాలి. ఈ క్రమాన్ని నాకు ఈ అట్ట నేర్పినంత బాగా ఏ పుస్తకమూ నేర్పలేదు.

చూడటానికి అందులో ఏమీ ఉండదు. ఇంచుమించు ఎ4 కాగితమంత నల్ల అట్ట. దాని మీద నాలుగు వరసలు, వరసకు ఆరు గళ్ళు. గడికీ గడికీ మధ్య నల్లటి గట్టు. ఆ గట్టు అలంకారం కాదు. ఎరుపు పక్కన పెట్టిన బూడిద రంగు కొంచెం ఆకుపచ్చగా అనిపిస్తుంది, పసుపు పక్కన పెడితే నీలంగా అనిపిస్తుంది. పక్క రంగు ప్రభావం కంటి మీద పడకుండా నలుపు ప్రతి గడినీ విడదీస్తుంది. గళ్ళలో ఎక్కడా మెరుపు లేదు. నిగనిగలాడే రంగు అయితే కిటికీ వెలుతురో లైటో దాని మీద తెల్లగా మెరిసి అసలు రంగు కొలతకు అందకుండా పోతుంది. అందుకే మెరుపు లేని మ్యాట్ పూత వేశారు.

అసలు గొప్పదనం మొదటి వరసలో ఉంది. మామూలుగా రంగుల అట్ట చెయ్యమంటే ఎవరైనా ఎరుపు, నీలం, పసుపుతో మొదలుపెడతారు. వీళ్ళు మనిషి ఒంటితో మొదలుపెట్టారు. మొదటి గడి నల్లటి చర్మం రంగు, రెండోది తెల్లటి చర్మం రంగు, మూడోది ఆకాశం, నాలుగోది చెట్ల ఆకు. అయిదోది ఒక నీలిపువ్వు, ఆరోది నీలం కలిసిన లేత ఆకుపచ్చ. ఫొటో చూడగానే మన కన్ను వెతికేవి ముఖం, ఆకాశం, చెట్టు. మిగతా రంగులు కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తాం. ఇంటి గోడ అసలు ఏ రంగో చూసేవాడికి తెలియదు. అమ్మ ముఖం రంగు ఇంట్లో అందరికీ తెలుసు.

మొదటి గడిలో నల్లటి చర్మాన్ని పెట్టడాన్ని నేను చిన్న విషయంగా తీసుకోను. ఆ రోజుల్లో ఫొటో ల్యాబుల్లో ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కోడక్ పంపే నమూనా కార్డులు ఉండేవి. వాటి మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. వాటిని షర్లీ కార్డులనేవారు. ఆమె చర్మం బాగా వస్తే చాలు, ప్రింటు సరిగ్గా ఉన్నట్టే లెక్క. నల్లటివాళ్ళ ముఖాలు ఆ లెక్కలో మసకబారిపోయేవి. అన్ని రంగుల మనుషులతో కోడక్ కార్డు తెచ్చింది 1990ల్లోనే. అలాంటి కాలంలో ఈ ముగ్గురూ నల్లటి చర్మానికీ తెల్లటి చర్మానికీ సమానంగా ఒక్కో గడి ఇచ్చారు, అదీ అన్నిటికంటే ముందు. అయితే మన దగ్గర ఎక్కువమందిది ఈ రెంటి నడుమ ఉండే చామనచాయ. దానికి ప్రత్యేకంగా గడి లేదు. తర్వాత వచ్చిన 140 గళ్ళ పెద్ద అట్టలో చర్మపు రంగులు ఇంకా చేర్చారు. 2022లో గూగుల్‌తో కలిసి ఎలిస్ మాంక్ అనే సామాజిక శాస్త్రవేత్త రూపొందించిన కొలబద్దలో చర్మానికి 10 ఛాయలున్నాయి. అయినా రెండు చివరలూ సరిగ్గా దొరికితే మధ్యలోది కూడా చాలావరకు కుదురుతుంది. చామనచాయ ముఖాల మీద నేను చూసినంతలో ఈ పాత 24 గళ్ళు అన్యాయం చెయ్యవు.

ఇప్పుడు ఆ రంగులు కలిపిన తీరుకు వద్దాం. ఈ అట్టను నేను నిజంగా మెచ్చుకునేది అక్కడే.

చీరకు జాకెట్టు ముక్క కొనడానికి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళినవాళ్ళకు ఒక అలవాటుంటుంది. కొట్లో ట్యూబులైటు కింద రెండూ చక్కగా కలిసినా, ముక్క కోయించే ముందు చీరను, తానును పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి ఎండలో చూస్తారు. లోపల ఒక్కటిగా కనిపించిన వంకాయ రంగులు బయట వేరుపడతాయి. ఇది కంటి పొరపాటు కాదు. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడే రకాలు. వస్తువు నుంచి వచ్చే వెలుతురులో ఎన్ని వందల ఛాయలున్నా కన్ను వాటిని మూడు మొత్తాలుగా కుదించేస్తుంది. రెండు వేర్వేరు అద్దకాలు వేర్వేరు దారుల్లో అవే మూడు మొత్తాలను ఇస్తే కంటికి రెండూ ఒకటే. లైటు మారిందా, మొత్తాలు మారతాయి, జత విడిపోతుంది.

కెమెరా కూడా మూడు మొత్తాలే తీసుకుంటుంది. అయితే దాని ఫిల్టర్లు మన కంటి కణాలతో పూర్తిగా సరిపోవు. అందువల్ల మన కంటికి ఒకేలా ఉన్నవి కెమెరాకు వేరుగా కనిపించవచ్చు, మనకు వేరుగా ఉన్నవి దానికి ఒకటిగా కనిపించవచ్చు. అంటే ఆకు రంగు గడి చెయ్యడానికి ఏదో ఒక ఆకుపచ్చ పెయింటు తెచ్చి, కంటికి ఆకులా కనిపించేదాకా కలిపితే చాలదు. కన్ను మోసపోతుంది కానీ కెమెరా మోసపోదు. అందుకే ఈ ముగ్గురూ చర్మం, ఆకాశం, ఆకు, పువ్వు లాంటి గళ్ళ విషయంలో కంటికి సరిపోవడంతో ఆగలేదు. అసలు వస్తువు ఏ ఛాయ వెలుతురును ఎంత తిప్పి పంపుతుందో కొలిచి, పెయింటు కూడా వీలైనంతవరకు అలాగే పంపేట్టు వర్ణకాలు కలిపారు. ఆకు గడి మీద పడ్డ ఎండ ఇంచుమించు ఆకు మీద పడ్డట్టే తిరిగి వస్తుంది. ఎండ తగ్గి నీడ వచ్చినా, బల్బు వెలిగినా ఆ గడి ఆకుతో పాటే మారుతుంది. ఒక లైటు కింద కుదిరి ఇంకో లైటు కింద విడిపోయే జాకెట్టు ముక్క కాదది.

నీలిపువ్వు గడి కథ ఇంకా బాగుంటుంది. అది చికోరీ పువ్వుకు ప్రతినిధి. మన ఇళ్ళలో ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ ఆ మొక్క వేరు నుంచే వస్తుంది. ఇన్ని పువ్వులుండగా దాన్నే ఎందుకు పెట్టారు? కొన్ని నీలి పువ్వులు నీలంతో పాటు, మన కన్ను దాదాపు చూడలేని ముదురు ఎరుపు అంచును కూడా బాగా తిప్పి పంపుతాయి. మనకది కనిపించదు కానీ కలర్ ఫిలింకు కనిపించేది. దాంతో తోటలో నీలంగా ఉన్న పువ్వు ఫొటోలో గులాబీగానో ఊదాగానో వచ్చేది. ఫిలిం పనివాళ్ళను ఏళ్ళ తరబడి విసిగించిన చిక్కు ఇది. డిజిటల్ కెమెరాల్లో సెన్సర్ ముందు ఎర్రని అంచును కత్తిరించే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి కొంత నయం. అయినా శంఖుపువ్వు లాంటివి తీసినప్పుడు నీలం ఊదాలోకి జారడం మీరూ చూసే ఉంటారు. కెమెరా ఎక్కడ తడబడుతుందో తెలిసి, సరిగ్గా అక్కడ గడి పెట్టడం అనుభవం ఉన్నవాళ్ళు మాత్రమే చెయ్యగల పని.

రెండు, మూడు వరసల గురించి ఎక్కువ చెప్పను. రెండో వరస నారింజ, ఊదా, లేత ఎరుపు లాంటి మధ్య రంగులది. మూడోదానిలో తెరకు మూలమైన నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆ పక్కనే ముద్రణకు మూలమైన పసుపు, మెజెంటా, సయాన్ ఉంటాయి. ఆ చివరి సయాన్ గడి ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. మామూలు కంప్యూటర్ తెరలకు ప్రమాణంగా 1996 నుంచి వాడుతున్న ఎస్‌ఆర్‌జీబీ పరిధికి అది బయట ఉంటుంది. అంటే చేతిలో పట్టుకుని చూడగలిగిన గడిని సాధారణ తెర ఉన్నదున్నట్టు చూపించలేదు. గాఢమైన నీలిపచ్చ పట్టుచీర తెర మీద ఎందుకు వెలవెలబోతుందో ఈ ఒక్క గడి చెప్పేస్తుంది. తప్పు ఫొటోగ్రాఫర్‌ది కాకపోవచ్చు.

నాలుగో వరస మాత్రం దగ్గర కూర్చుని చూడాల్సింది. తెలుపు నుంచి నలుపు దాకా ఆరు గళ్ళు. వాటి మధ్య అంతరం కంటికి సమానంగా అనిపిస్తుంది, మెట్లు దిగినట్టుగా. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్‌సెల్ వేసిన వెలుగు కొలమానంలో ఆ గళ్ళ అంకెలు 9.5, 8, 6.5, 5, 3.5, 2. అంటే ప్రతి మెట్టూ కచ్చితంగా ఒకటిన్నర. కానీ అవి తిప్పి పంపే వెలుతురును కొలిస్తే తెల్ల గడి సుమారు 90 శాతం, తర్వాతది 59, ఆపైన 36, 20, 9, చివరి నల్ల గడి 3 శాతం పంపుతాయి. వెలుతురు లెక్కలో మొదటి మెట్టు 31 శాతం, చివరి మెట్టు 6 శాతం. కంటికి రెండూ ఒకటే అంతరం. చీకట్లో కొద్దిపాటి తేడాను కూడా పట్టుకుని, వెలుగులో పెద్ద తేడాను కూడా తేలిగ్గా తీసుకునే మన కంటి స్వభావం ఆ ఆరు గళ్ళలో ఉంది. సెన్సర్‌కు ఆ స్వభావం లేదు. దానికి రెట్టింపు వెలుతురు అంటే రెట్టింపు అంకె, అంతే. సెన్సర్ అంకెలను కంటి మెట్లుగా మార్చే పని కెమెరా లోపలో, ఎడిటింగ్‌లోనో జరగాలి. ఆ మార్పు సరిగ్గా కుదిరిందో లేదో ఈ వరస చూస్తే తెలిసిపోతుంది.

ఈ వరసకు ఇంకో పని ఉంది. గాయకుడికి శ్రుతిపెట్టె ఎలాగో ఫొటోగ్రాఫర్‌కు ఈ బూడిద గళ్ళు అలాగ. వీటిలో ఏ రంగు వైపూ మొగ్గు లేదు. వెలుతురులో మాత్రం మొగ్గు ఉంటుంది. దాన్ని కొలిచే కెల్విన్ లెక్కలో మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5500. నీలాకాశం కింద చెట్టు నీడ 7000 దాటుతుంది. పాతకాలం బల్బు 2800 దగ్గర, నూనె దీపం 2000 దగ్గర ఉంటాయి. మన కన్ను క్షణాల్లో సర్దుకుంటుంది కాబట్టి దీపం ముందు కూర్చున్నా తెల్లచొక్కా తెల్లగానే అనిపిస్తుంది. కెమెరాకు ఇది తెల్ల వస్తువు అని ఎవరో చెప్పాలి. ఎడిటింగ్‌లో ఈ వరస మీద ఒక్క క్లిక్కుతో ఆ పని అవుతుంది. అనుభవజ్ఞులు తెల్ల గడి మీద కాక దాని పక్క గడి మీద క్లిక్ చేస్తారు. తెల్లది కాస్త ఎక్కువ వెలుతురు తగిలినా హద్దు దాటి అబద్ధం చెబుతుంది. ముదురు గళ్ళు ఫొటోలో గరుకుగా పడతాయి. రెండో గడికి ఈ రెండు బాధలూ లేవు.

బూడిద సరిపోయాక మిగిలినవి రంగులు. కెమెరా ఇచ్చిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు ఉన్నవి ఉన్నట్టు తెర మీద పెడితే బొమ్మ పాలిపోయి ఉంటుంది. ఫిల్టర్లు ఒకదాని పరిధిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి కాబట్టి ప్రతి రంగులోనూ పక్క రంగు కొంత కలిసి ఉంటుంది. దాన్ని విడదీయడానికి తొమ్మిది అంకెల పట్టిక ఒకటి వాడతారు, మూడు వరసలు, వరసకు మూడు అంకెలు. ఉదాహరణకు కొత్త ఎరుపు అంటే పాత ఎరుపును ఒకటిన్నర రెట్లు చేసి అందులోంచి ఆకుపచ్చలో సగం తీసెయ్యడం కావచ్చు. ప్రతి వరసలో అంకెలు కలిపితే ఒకటి రావాలి. అప్పుడే మూడూ సమానంగా ఉన్న బూడిద రంగు బూడిదగానే మిగులుతుంది. ఆ తొమ్మిది అంకెలు ఎంతుండాలి? 24 గళ్ళ అసలు విలువలు ముందే తెలుసు, కెమెరా వాటిని ఎలా చూసిందో ఫొటోలో ఉంది. మొత్తం మీద తేడా అతి తక్కువగా ఉండేట్టు అంకెలు కట్టడం కంప్యూటర్‌కు క్షణం పని. ఫొటోగ్రాఫర్లు ప్రొఫైల్ అని పిలుచుకునేది దీన్నే. ఇందుకు సెన్సర్ అంకెలను మార్చకుండా దాచే రా ఫైల్ కావాలి. జేపెగ్‌లో కెమెరా తన ఇష్టప్రకారం రంగులు వేసేసి ఉంటుంది.

ఇంత లెక్క ఉందని భయపడక్కర్లేదు. పెళ్ళి మండపంలో ఫొటోగ్రాఫర్ చెయ్యాల్సింది చిన్న పని. పగటి పెళ్ళికి ఎర్రటి, పసుపుపచ్చటి షామియానా వేస్తారు. ఎండ ఆ గుడ్డలోంచి దిగి అందరి ముఖాల మీదా ఆ రంగే పులుముతుంది. వేపచెట్టు కింద పందిరి వేస్తే చెంపల మీద ఆకుపచ్చ నీడలు. అలాంటి చోట పెళ్ళికూతురు కూర్చునే పీట దగ్గర, ఆమె ముఖం మీద పడే వెలుతురే అట్ట మీదా పడేట్టు పట్టుకుని ఒక్క ఫొటో తియ్యాలి. లైటు మారితే మళ్ళీ ఒకటి. బయట ఎండలో తీసిన అట్ట ఫొటో లోపలి పందిరికి పనికిరాదు.

అట్ట చెయ్యలేనివి కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది లైటు. చవక ఎల్‌ఈడీ లైట్లలో గాఢమైన ఎరుపు భాగం తక్కువ. లైటు ఎంత బాగా రంగులు చూపిస్తుందో చెప్పడానికి సీఆర్ఐ అనే అంకె వేస్తారు. ఆ అంకెను ఎనిమిది లేత రంగుల సగటుతో కడతారు. గాఢమైన ఎరుపు ఆర్9 పేరుతో విడిగా ఉంటుంది, సగటులోకి రాదు. అందువల్ల పెట్టె మీద 80 అని రాసున్న లైటు కింద కూడా కుంకుమ గోధుమ రంగులోకి దిగిపోతుంది, ముఖాల్లో జీవం ఉండదు. చర్మానికి జీవం ఇచ్చేది దాని కిందనున్న నెత్తుటి ఎరుపే. లైటు తీసుకురాని రంగును ఏ ప్రొఫైలూ సృష్టించలేదు. లైట్లు కొనేటప్పుడు ఆర్9 ఎంతో అడిగి కొనండి. స్టేజి మీద ఊదా, నీలం పార్ లైట్లు తిరుగుతున్నప్పుడైతే అట్టను సంచీలోనే ఉంచండి. అప్పుడు ఆ ఊదాయే నిజం.

బంతిపూలు, పసుపు బట్టలు ఇంకో పరీక్ష. వాటిలో ఎరుపు పాలు ఎంత ఎక్కువంటే, మొత్తం ఫొటో వెలుతురు సరిగ్గా ఉన్నా ఎరుపు ఒక్కటీ హద్దు దాటేస్తుంది. రేకుల మధ్య గీతలన్నీ మాయమై దండ ఒక పసుపు ముద్దలా మిగులుతుంది. హద్దు దాటిన అంకెను అట్ట వెనక్కి తేలేదు. కాస్త తక్కువ వెలుతురుతో తీసి, తర్వాత పెంచుకోవడమే దారి. చీరల్లో నెమలికంఠం రంగుదీ ఇలాంటి చిక్కే. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయిన ఆ పట్టు ప్రతి మడత దగ్గరా మారుతుంది. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో నేత నేసి ఫోన్లోనే అమ్ముకునేవాళ్ళకు నా సలహా ఒకటే. అట్ట పక్కన పెట్టి ఒక ఫొటో తీసి రంగు సరిచేసుకోండి. ఆపైన అలాంటి చీరకు రెండు మూడు కోణాల్లో ఫొటోలు పెట్టండి. ఒక్క ఫొటోతో దాని రంగు చెప్పడం ఎవరి తరమూ కాదు.

అట్టతో కొలిచి కట్టిన రంగులు కచ్చితంగా ఉంటాయి. కానీ మొదటిసారి చూసినవాళ్ళకు కాస్త చప్పగా అనిపిస్తాయి. దీనికి రెండు కారణాలు తెలుసు. కోడక్ కోసం ఇంగ్లండ్‌లో పరిశోధనలు చేసిన ఆర్. డబ్ల్యూ. జి. హంట్ 1952లో ఒక సంగతి చూపించాడు. వెలుతురు పెరిగేకొద్దీ అవే రంగులు మనకు మరింత నిండుగా కనిపిస్తాయి. మధ్యాహ్నపు ఎండలో మిరపకళ్ళం ఎంత వెలుగుతుందో తెర అంత వెలగలేదు. అందువల్ల కొలతలో సమానమైన ఎరుపు కూడా తెర మీద తక్కువగా తోస్తుంది. ఇక రెండోది, 1960లో సి. జె. బార్టిల్‌సన్ తెలిసిన వస్తువుల రంగులను మనుషులు ఎలా గుర్తుపెట్టుకుంటారో పరిశోధించి ప్రచురించాడు. గడ్డి అసలుకంటే పచ్చగా, ఆకాశం అసలుకంటే నీలంగా జ్ఞాపకంలో ఉంటాయి.

కాబట్టి కొలత దగ్గర నుంచి కొంచెం నిండుదనం పెంచడం అబద్ధం కాదని నా అభిప్రాయం. ఎండ చూపించి తెర చూపించలేనిదాన్ని తిరిగి ఇవ్వడమే అది. ఎంత పెంచాలన్నదే పనితనం. మొత్తం బొమ్మకు శాచురేషన్ పెంచితే ముందుగా చెడేది చర్మం. అది నారింజలోకి వెళ్ళిపోతుంది. వరిచేను పచ్చదనాన్ని, ఆకాశం నీలాన్ని విడిగా కొద్దికొద్దిగా పెంచి చర్మాన్ని ముట్టుకోకుండా వదలడం మేలు. కాంట్రాస్ట్ పెంచినా రంగులు వాటంతట అవే గాఢమవుతాయని చాలామంది గమనించరు. కాంట్రాస్ట్ ఒకసారి, శాచురేషన్ ఇంకోసారి పెంచి రెండు వాతలు పెడతారు. పెంచిన తర్వాత ఒకసారి అట్ట ఫొటోకు కూడా అదే సెట్టింగు వేసి చూడండి. మొదటి రెండు గళ్ళూ ఇంకా ఒంటి రంగులాగే ఉన్నాయా? నాలుగో గడి ఇంకా ఆకులాగే ఉందా, ప్లాస్టిక్ తోరణంలా మారిందా? ఎంత దూరం వచ్చామో అట్ట చెబుతుంది. ఎక్కడ ఆగాలో మనమే తేల్చుకోవాలి.

మన పెళ్ళి ఆల్బమ్‌లలో నన్ను బాధపెట్టేది చర్మం రంగే. చామనచాయ పెళ్ళికూతురు ముఖం మీద తెలుపు దిద్దుతారు. మెడ, చేతులు మాత్రం అసలు రంగులోనే ఉంటాయి. ఒక్కోసారి వాటినీ దిద్దుతారు, అప్పుడు పక్కనున్న తల్లితో పోలిక పోతుంది. తాళి పసుపుతాడు, ముక్కుపుడక రాయి, కాటుక ఇవన్నీ ఆ చర్మం మీద ఎలా శోభిస్తాయో తెలిసి ఎంచుకున్నవి. చర్మం తెల్లబడితే పసుపు వెలిసిపోయినట్టు, కుంకుమ అతికించినట్టు కనిపిస్తాయి. ఫోన్ కెమెరాలు కూడా బ్యూటీ పేరుతో అడగకుండానే ఈ పని చేస్తున్నాయి. ఆ సెట్టింగు ఆపి అదే మనిషిని అదే వెలుతురులో మళ్ళీ తీసి చూడండి. ముఖంలో నునుపు తగ్గుతుంది, ఛాయ తిరిగి వస్తుంది.

కొనాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. అచ్చు యంత్రం మీద ముద్రించిన నకిలీ అట్టలు కొనకండి. రంగు చూడటానికి ఒకటే అయినా అందులోని వర్ణకాలు వేరు, పైన చెప్పిన జాకెట్టు ముక్క గొడవే. అసలుదైనా 2014 నవంబరు నుంచి వర్ణకాల కలయిక కొద్దిగా మారింది కాబట్టి మీ అట్ట ఏ కాలందో చూసి దాని విలువలే వాడండి. గళ్ళను వేళ్ళతో తాకకండి. ఎండలో వదిలేస్తే రంగులు వెలుస్తాయి, పని కాగానే కవరులో పెట్టండి. సంచీలో పట్టేంత చిన్నవి కూడా దొరుకుతాయి, పెళ్ళి పనికి అవి చాలు.

ఈ పెళ్ళిళ్ళ కాలంలో కెమెరా పట్టే తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఒకటి అడుగుతున్నాను. పీటల దగ్గర ముందుగా ఈ అట్టతో ఒక్క ఫొటో తియ్యండి. ఆల్బమ్ డిజైనర్‌కు ఫైళ్ళు పంపేటప్పుడు ఆ ఫొటో కూడా కలిపి పంపండి. ముఖాల రంగు మార్చవద్దని దాని కింద రాసి పంపండి.